మసి పూయని ఆకు

ఒకానొక రాజ్యంలో — పేరు చెబితే ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ కర్రలు పట్టుకుని నా మీదికి వస్తారు గనక చెప్పను — రణభేరుండ భూపతి అనే రాజుగారు ఉండేవారు. పేరు పెద్దది. మీసం అంతకంటే పెద్దది. ఆ రెండిటికంటే పెద్దది ఆయనగారి మాట.

రాజుగారి నోటినుంచి మాట ఊడిపడిందంటే దాన్ని రాతి మీద చెక్కించాల్సిందే. "వంకాయ కూరలో కారము తగ్గించవలెను" అన్న మాట కూడా వంటశాల గుమ్మం పక్కన నిలువెత్తు రాతి మీద ఉండేది. ప్రతి శాసనం అడుగునా ఒకటే శాపం: "ఈ మాట తప్పినవాడు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోవుగాక!" వంకాయ కూరకీ అదే శాపం. పాపం, వంటవాడు కారం గరిట ముట్టుకోవాలంటే చెయ్యి వణికేది.

కోట వెనక ఒక లోతైన గుంట, అందులో ఒక చిరుతపులి. అందులోకి ఇంతవరకూ ఎవరినీ తోయలేదని కొందరు చెప్పేవారు. తోశారు గానీ, తిరిగొచ్చి ఆ సంగతి చెప్పినవాడే లేడని ఇంకొందరు అనేవారు. నిండుసభలో ఆ చిరుత గుర్రుమన్న చప్పుడు వినబడితే చాలు, మాట్లాడుతున్న మంత్రి మాట సగంలో మింగేసేవాడు.

అలాంటి సభలో ఇమ్మన్న అనే హాస్యగాడు ఉండేవాడు. కుర్రవాడు. నాలుకకి ఉన్న ధైర్యం మోకాళ్ళకి లేదు. ఎంత పెద్దవాణ్ణయినా ఒక మాట అనేసి, ఆ వెంటనే స్తంభం చాటుకి పోయి చెమట తుడుచుకునేవాడు.

రాజుగారికి ఒక్కతే కూతురు. పేరు కువలయాంబ. అందరూ కలువ అనేవారు. తల్లి లేని ఆ పిల్లని పెంచింది సూరవ్వ అనే ముసలి దాది. కలువకి కథలంటే ప్రాణం. సూరవ్వ ఒళ్ళో తల పెట్టుకుని "తర్వాత?" అనడం మొదలుపెట్టిందంటే ఎదురుగా పెట్టిన పాయసం చల్లారిపోవాల్సిందే. కానీ రాసిన తాటాకు చేతికిచ్చి చదవమంటే మాత్రం ఆ పిల్ల మూగదైపోయేది. పంతుళ్ళు బెల్లం పెట్టి చూశారు, బెత్తం చూపించి చూశారు. పిల్ల పైకప్పు వంక చూస్తూ కూర్చునేది.

రాజుగారికి కోపం వచ్చింది. ఓ రోజు సభలో మీసం దువ్వుకుంటూ అన్నారు: "కథ చెప్పించుకోవడమంటే అన్నం ఇంకొకరి చేత నమిలించుకుని తినడం! పళ్ళొచ్చాక ఎవరైనా అలా తింటారా?"

సభ అంతా ఆహా అంది. ఇంకేం, శిల్పి ఉలి తీసుకుని పరుగెత్తాడు. సాయంత్రానికల్లా సూరవ్వ గది గుమ్మం పక్కన కొత్త రాయి వెలిసింది.

"చదువు వచ్చినవారు ఎవరును కథ చెప్పించుకొని వినరాదు. రాకుమారి చదివిన నాడు సూరవ్వ కోట విడిచి పోవలెను." కింద మామూలే. గంగ, గోవు, పాపం.

ఆ తర్వాత కూడా పంతుళ్ళు వచ్చారు, పోయారు. ఆఖరి పంతులుగారు పుస్తకం చంకన పెట్టుకుని, చెప్పులు చేత పట్టుకుని సభ మీదుగా పారిపోతూంటే ఇమ్మన్న నాలుక ఊరుకోలేదు.

"మహాప్రభో! పంతులుగారు అమ్మాయిగారికి చదువు నేర్పబోయారు. అమ్మాయిగారే ఆయనకి పరుగు నేర్పారు!"

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజుగారు మాత్రం నవ్వలేదు.

"అయితే నువ్వు నేర్పు," అన్నారు మెల్లిగా. ఆయన మెల్లిగా మాట్లాడితేనే ఎక్కువ భయం. "విజయదశమి సభలో మా అమ్మాయి నలుగురి ముందూ చదవాలి. చదవలేదో, ఆ సాయంత్రం చిరుతకి నీ హాస్యం వినిపిద్దువుగాని."

గుంటలో చిరుత సరిగ్గా అప్పుడే గుర్రుమంది. దానికి ముందే చెప్పి ఉంచారా అనిపించింది ఇమ్మన్నకి. వెనక్కి జరిగి స్తంభం పట్టుకున్నాడు. స్తంభం కూడా వణుకుతున్నట్టే ఉంది.

*

మర్నాడు ఇమ్మన్న కలువ దగ్గరికి వెళ్ళాడు. పంతుళ్ళ లాగా పలక పట్టుకెళ్ళలేదు. ఉత్త చేతులతో వెళ్ళి సూరవ్వ పక్కన చతికిలబడ్డాడు.

"నువ్వు కూడా నేర్పడానికే వచ్చావా?" అంది కలువ అనుమానంగా.

"నాకే సరిగ్గా రాదు, నీకేం నేర్పుతాను? భయమేసి వచ్చాను. భయమేసినప్పుడు నలుగురి మధ్యా కూర్చోవాలని మా అమ్మ చెప్పింది."

"దేనికి భయం?"

"ఓ కథ గుర్తొచ్చింది."

అంతే, కలువ జరిగి దగ్గరకొచ్చింది. ఇమ్మన్న గొంతు తగ్గించాడు.

"అడవిలో దారి తప్పిన ఓ పిల్ల పాడుబడ్డ కోటలోకి వెళ్ళింది. లోపల పిట్ట లేదు, పురుగు లేదు. నడుస్తుంటే తన అడుగుల చప్పుడే వెనకనించి ఎవరో వస్తున్నట్టు వినబడుతోంది. ఆ కోట చివర ఒకే ఒక్క తలుపు. ఆ తలుపు వెనక ఎవరో బరువుగా ఊపిరి పీలుస్తున్నారు."

కలువ సూరవ్వ చీర కొంగు పట్టుకుంది. "తర్వాత?"

"పిల్ల గడియ మీద చెయ్యి వేసింది. ఇంకా తీయనే లేదు. గడియ దానంతటదే కదిలింది."

"తర్వాత?"

"తర్వాత నాకు గొంతు నొప్పి," అని ఇమ్మన్న లేచి నిలబడ్డాడు.

"ఒరేయ్ ఇమ్మన్నా!" అని సూరవ్వ కసిరింది. "పిల్లని అలా నట్టేట్లో వదిలేసి పోతావురా? దానికి అన్నం సహిస్తుందా ఇప్పుడు?"

"మిగతాది ఇందులో ఉందవ్వా," అంటూ నడుములోంచి ఒక తాటాకు తీసి కలువ ముందు పెట్టాడు.

కలువ తిప్పి చూసింది. ఖాళీ ఆకు. "ఇందులో ఏం లేదుగా!"

"ఉంది. గంటం మొనతో గీశాను గానీ మసి పూయలేదు. ఆముదపు దీపం మసిలో ఆకుపసరు కలిపి, రుద్ది తుడిస్తే గీతల్లోకి నలుపు దిగుతుంది. అప్పుడు గానీ బయటికి రాదు. అందాకా లోపల దాక్కుని ఉంటుంది."

"ఏది?"

"తలుపు వెనక ఉన్నది."

అని ఆకునీ, చిన్న మసి గిన్నెనీ గూట్లో పెట్టి, వెనక్కి చూడకుండా పోయాడు. వాకిలి దాటాక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తన కథకి తనకే ఒళ్ళు జలదరించింది మరి.

మర్నాడు పొద్దున్నే వచ్చేసరికి ఆకు గూట్లోనే ఉంది, గిన్నె గూట్లోనే ఉంది. కలువ కిటికీ దగ్గర పైకప్పు వంక చూస్తోంది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"అమ్మడూ, ఈ లడ్డు తీసుకో," అన్నాడు ఇమ్మన్న.

"నోట్లో పెట్టు," అంది కలువ.

"ఎందుకూ, నీ చేతులేమయ్యాయి?"

పిల్ల కదల్లేదు. ఇమ్మన్న మెల్లిగా చుట్టూ తిరిగి వెనక్కి చూశాడు. చేతివేళ్ళు కణుపుల దాకా నల్లగా ఉన్నాయి.

ఇమ్మన్న ఎగిరి గంతేశాడు. "చదివావు! నీకు చదవడం వచ్చు!"

"అరవకు!" కలువ ఆ నల్లటి చెయ్యి అతని నోటికి అడ్డం పెట్టింది. ఆ పిల్ల కళ్ళల్లో ఉన్నది అల్లరి కాదు, బెదురు. "ఎవరికీ చెప్పకు. ఎప్పుడో వచ్చేసింది నాకు. కోట నిండా రాళ్ళేగా! నాన్నగారు పెద్దపెద్ద అక్షరాలు చెక్కిస్తారుగా, అవి చూసి చూసి వచ్చేసింది. మొదట వంకాయ కూర చదివాను."

"మరి పంతుళ్ళ దగ్గర..."

"చెబుదామనుకునేలోగా ఈ రాయి వచ్చింది. అదీ చదివాను," అంది కలువ, గుమ్మం వైపు చూపిస్తూ. "నేను చదివితే అవ్వని పంపేస్తారు. నాకు ఇంకెవరూ కథలు చెప్పరు. నేనొక్కదాన్నే కూర్చుని చదువుకోవాలి. భయం వేసే కథ వచ్చినా ఒక్కదాన్నే."

ఇమ్మన్న మూతికి మసి అంటుకుని మీసం మొలిచినట్టయింది. ఇంకో రోజైతే పగలబడి నవ్వేవాడే. ఈ రోజు గోడకి జారగిలబడ్డాడు. పిల్ల చదివితే అవ్వ పోతుంది. చదవకపోతే తను గుంటలోకి పోతాడు. అటు నుయ్యి, ఇటు గొయ్యి అంటారు. ఈ గొయ్యిలో పులి కూడా ఉంది.

లోపలినించి అంతా విన్న సూరవ్వ వచ్చి కలువ వేళ్ళు కొంగుతో తుడవబోయింది. "నేను పోతాలేరా. ముసలిదాన్ని, ఇవాళో రేపో. పిల్లని చదవమను. నిన్ను ఆ చిరుత నోట్లో పెట్టి నేనిక్కడ కథలు చెబుతూ కూర్చోనా?"

"నువ్వు పోతే నేను కళ్ళే తెరవను!" అని కలువ ఆమె నడుం చుట్టేసుకుంది. వెంటనే ఇమ్మన్న వైపు తిరిగింది. "నువ్వూ పోవద్దు. ఇంకో ఆకు కావాలి. గడియ కదిలాక లోపల్నించి ఎవరో 'తీయకు' అన్నారు కదా, అన్నదెవరు?"

"అది రెండో ఆకులో ఉంది," అన్నాడు ఇమ్మన్న అలవాటు కొద్దీ. తర్వాత ఆమె తల నిమిరి, "నువ్వు సభలో నోరు మెదపకు. ఏమైనా సరే. చదవమని నేను కూడా అడగను," అన్నాడు.

చెప్పి బయటికొచ్చాడు. ఆ రాతి ముందే నిలబడిపోయాడు. మొదటి మాట దగ్గర్నుంచి శాపం దాకా చదివాడు. మళ్ళీ మొదటి మాటకి వచ్చాడు. అక్కడ ఆగాడు. రాతి అడుగున శిల్పి వదిలేసిన ఖాళీ జాగాని వేలితో తడిమి చూశాడు. అతని పెదవి చివర ఏదో కదిలింది.

*

విజయదశమి సభ. మామిడి తోరణాలు, బంతిపూలు, పొరుగు సామంతులు. ఇంత సందడిలోనూ చిరుత కాపరి ఓ మూల గొలుసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇమ్మన్నకి తోరణాలు కనబడలేదు, గొలుసే కనబడింది.

"కువలయా, చదువు," అన్నారు రాజుగారు.

ఓ ఆకు ముందు పెట్టారు. కలువ పైకప్పు వంక చూసింది. సూరవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇమ్మన్నా," అన్నారు రాజుగారు. మళ్ళీ అదే మెల్లని గొంతు.

ఇమ్మన్న ముందుకు వచ్చాడు. రావడం తనే వచ్చాడు గానీ, ఎవరో తోస్తే వచ్చినట్టే ఉంది. "మహాప్రభో, పోతాను. కానీ ఒక్క కోరిక. అమ్మాయిగారికి ఓ కథ సగంలో ఆపేశాను. కథ సగంలో ఆపి చచ్చినవాడు దయ్యమై ఆ కోటనే పట్టుకుంటాడని మా పెద్దలంటారు. నా చేత పూర్తి చేయించండి. తమ పడకటింటి కిటికీ దగ్గర నేనొచ్చి 'తర్వాత, తర్వాత' అంటూ ఉంటే తమకే నిద్ర ఉండదు."

రాజుగారు ఒకసారి పడకటింటి వైపు చూశారు. "ఊఁ. కానీ."

ఇమ్మన్న మొదలుపెట్టాడు. మామూలుగా అతను కథ చెబితే చేతులు తిప్పుతాడు, గొంతు మారుస్తాడు. ఆ రోజు అవేవీ అక్కర్లేకపోయాయి. ఉన్న భయమంతా గొంతులోకి వచ్చి కూర్చుంది. పాడుబడ్డ కోట. వెనక వినబడే అడుగులు. ఒకే ఒక్క తలుపు. తలుపు వెనక ఊపిరి.

సామంతులు ఒకరికొకరు దగ్గరగా జరిగారు. రాజుగారు సింహాసనం అంచుకి వచ్చేశారు. మీసం దువ్వుకుంటున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నోరు తెరుచుకుంది.

"పిల్ల గడియ మీద చెయ్యి వేసింది. గడియ దానంతటదే కదిలింది. లోపల్నించి ఒక గొంతు, 'తీయకు' అంది. పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది. అయినా తలుపు... మెల్లిగా... తెరుచుకుంటోంది..."

ఇమ్మన్న ఆగాడు.

"ఊఁ! తర్వాత?" అన్నారు రాజుగారు.

ఇమ్మన్న నెత్తి గోక్కున్నాడు.

"లోపల ఏముందిరా? చెప్పు!"

"ఏలినవారు క్షమించాలి. చిన్న సందేహం. తమకు చదువు వచ్చునా?"

మంత్రిగారు కళ్ళు మూసుకున్నారు.

"ఏమన్నావురా?" రాజుగారు లేచి నిలబడ్డారు. "మాకా? అష్టభాషల్లో చదువుతాం మేము! మా అంత చదివినవాడు ఈ భూమండలంలో..."

"చిత్తం, చిత్తం. అందరూ విన్నారుగా." ఇమ్మన్న దణ్ణం పెట్టాడు. "మరి సూరవ్వ గది పక్కన రాతి మీద తమ మాట ఉంది. 'చదువు వచ్చినవారు ఎవరును కథ చెప్పించుకొని వినరాదు.' చదువు వచ్చిన ఏలినవారు ఇంతసేపూ నా చేత కథ చెప్పించుకుని విన్నారు. ఇప్పుడే 'తర్వాత?' అని కూడా అడిగారు. ఆ రాతి అడుగున... ప్రభో, నాకు నోరు రావడం లేదు... గంగ ఒడ్డున..."

వాక్యం పూర్తి చేయలేదు. అక్కర్లేకపోయింది. సభలో ఉన్న ప్రతివాడికీ ఆ గోవు కళ్ళ ముందు కనబడింది.

గుంటలో చిరుత గుర్రుమంది. ఈసారి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అందరి కళ్ళూ రాజుగారి మీదే. రాజుగారి ముఖం పాలిపోయింది. పురోహితుడి వైపు వంగి గుసగుసగా, "గోవు... నిజంగానే అంటుకుంటుందా?" అని అడిగారు.

"శాసనం శాసనమే ప్రభూ," అన్నాడు పురోహితుడు. ఆయనకి వంకాయ కూర కారంగా ఉంటేనే ఇష్టం. ఈ రోజు కోసమే ఎదురుచూస్తున్నట్టు చెప్పాడు.

"దారులు రెండున్నాయి," అన్నాడు ఇమ్మన్న. "ఏలినవారికి అసలు చదువు రాదని ఊరంతా చాటింపు వేయిద్దాం. చదువు రానివారు కథ వినొచ్చు. పాపం అంటదు."

"నోర్ముయ్! రెండోది చెప్పు!"

"ఆ రాతి అడుగున కాస్త జాగా ఉంది ప్రభో. ఇంకో ముక్క పడుతుంది." ఇమ్మన్న ఒక్క క్షణం సూరవ్వ వైపు చూశాడు. గొంతులో వణుకు ఎటుపోయిందో పోయింది. "పళ్ళొచ్చాక ఎవరూ నమిలించుకుని తినరు, నిజమే. తమరు చెప్పాక తిరుగులేదు. కానీ పళ్ళొచ్చాక కూడా అమ్మ అన్నం కలిపి ముద్ద చేసి పెడితే నోరు తెరవనివాడెవడు? నా చేతులున్నాయి, నేనే తింటానని లేచిపోయేవాడెవడు? ఇందాక ఏలినవారి నోరు కూడా అలాగే తెరుచుకుంది."

చిరుత కాపరి చేతిలో గొలుసు ఒక్కసారి గలగలమంది. ఇమ్మన్న కళ్ళు మూసుకున్నాడు.

ముందు రాజుగారి మీసం కదిలింది. తర్వాత పొట్ట కదిలింది. తర్వాత సింహాసనమే కదిలిపోయేట్టు ఆయన నవ్వారు. "దొంగవెధవా! మా రాయి తీసి మా నెత్తినే పెట్టావురా! పిలవండి శిల్పిని!"

"ప్రభో, మరి గుంట సంగతి..." అన్నాడు ఇమ్మన్న బెరుగ్గా.

"అది అలాగే ఉంటుంది. అమ్మాయి చదవాలన్నాం. చదవాల్సిందే."

ఇమ్మన్న కలువ వైపు చూడలేదు. అడగనని మాట ఇచ్చాడు మరి.

కలువే లేచి నిలబడింది. "ముందు చెక్కించండి. చెక్కిందాకా నమ్మను," అంది.

సభ మొత్తం సూరవ్వ గుమ్మం ముందుకి కదిలింది. శిల్పి ఉలి దెబ్బలు పడుతుంటే రాతిపొడి రాలుతోంది. సామంతులు నీడ కోసం తోసుకున్నారు. రాజుగారు అటూ ఇటూ పచార్లు చేస్తూ మధ్యమధ్య ఇమ్మన్న దగ్గర ఆగి, "తలుపు వెనక మనిషా, జంతువా? అది ఒక్కటి చెప్పరా," అని బతిమాలారు. ఇమ్మన్న నోరు విప్పలేదు.

పని పూర్తయింది. కలువ రాతి దగ్గరికి వెళ్ళింది. కొత్త అక్షరాల మీద వేలు పెట్టి, తడుముకుంటూ, పైకే చదివింది:

"ఎంత... చదివినవారైనను... కథ చెప్పించుకొని... వినవచ్చును. సూరవ్వ... ఇచటనే... ఉండవలెను."

ఇంకోసారి చదువుకుంది. రాతిపొడి వేలితోనే వెళ్ళి సూరవ్వని పట్టుకుంది. అవ్వ కళ్ళు తుడుచుకుంటూ, "చూశావుటే, ఇక నువ్వు నాకు చదివి వినిపించాలి. నా కళ్ళు ఆనవు," అంది.

రాజుగారు రాతి వంకా కూతురి వంకా మార్చి మార్చి చూశారు. "ఇది... ఎప్పటినుంచి చదువుతోంది?" అన్నారు.

"వంకాయ కూర నాటినుంచి ప్రభో," అన్నాడు ఇమ్మన్న. చిరుత కాపరి గొలుసు చుట్టేసుకుని ఇంటికి పోతుంటే ఆ వీపు వంక ఎంత ప్రేమగా చూశాడో!

"అయితే ఆ తలుపు..."

ఇమ్మన్న నడుములోంచి రెండో ఆకు తీశాడు. మసి పూయని ఆకు. కలువ గూట్లోంచి గిన్నె తెచ్చి, చకచకా రుద్ది, తుడిచింది. పై వరసలో అక్షరాలు నల్లగా తేలాయి.

"తలుపు తెరుచుకుంది," అని చదివింది. "లోపల చీకటి. చీకట్లో... రెండు కళ్ళు. ఆ కళ్ళు... పిల్లని చూసి..."

రాజుగారు మెడ చాచారు. సామంతులు మెడలు చాచారు.

కలువ ఆకు కింద పెట్టేసింది. "మిగతాది రేపు. నాకు గొంతు నొప్పి," అంది.

*

మర్నాడు పొద్దున్న కలువ గోల గోల చేసింది. గూట్లో పెట్టిన ఆకు లేదు. మసి గిన్నె కూడా లేదు. కోటంతా వెతికారు.

సభ తీరింది. ఎండ మండిపోతున్నా రాజుగారు చేతులు రెండూ ఉత్తరీయంలో దాచుకుని కూర్చున్నారు. ఇమ్మన్న ఆ ఉత్తరీయం వంక చూశాడు. నాలుక దురద పెట్టింది. మోకాళ్ళు ఒద్దన్నాయి. ఎప్పటిలాగే నాలుకే గెలిచింది.

"మహాప్రభో, నిన్నటి కథకి బహుమానం ఇంకా అందలేదు. తమ స్వహస్తాలతో ఇప్పిస్తే..."

"మంత్రిగారు ఇస్తారు," అన్నారు రాజుగారు గబుక్కున.

"స్వహస్తాలతోనే కావాలి ప్రభో."

రాజుగారు కాసేపు అతన్ని కొరకొరా చూశారు. తర్వాత ఇక తప్పదన్నట్టు చేతులు బయటికి తీశారు. పది వేళ్ళూ నల్లగా ఉన్నాయి. మీసం కొసన కూడా కాస్త నలుపు.

"నాన్నగారూ!" అని కలువ అరిచింది. సభ గొల్లుమంది. అందరికంటే పెద్దగా నవ్వింది రాజుగారే.

నవ్వుతూనే తన చేతి బంగారు మురుగు తీసి ఇమ్మన్నకి తొడిగారు. తొడుగుతూ అతని చెవి దగ్గరికి వంగారు. గొంతు మెల్లిగానే ఉంది గానీ ఈసారి ఇమ్మన్నకి భయం వెయ్యలేదు.

"పాపం రా, ఆ చీకట్లో ఉన్న రాక్షసి," అన్నారు రాజుగారు. "తలుపు అవతల ఉన్నది ఎవరోనని, అది కూడా అంతసేపూ వణుకుతోందటగా!"

"చిత్తం," అన్నాడు ఇమ్మన్న.

"మూడో ఆకు ఎప్పుడు రాస్తావు?"

ఆ బంగారు మురుగు మీద రాజుగారి బొటనవేలి నల్లటి ముద్ర పడింది. ఇమ్మన్న బతికినన్నాళ్ళూ దాన్ని తుడవలేదు.